పీసీవీ యాభై ఏడు

మెషిన్ తప్పు చెప్పిందేమోనని రెండోసారి పెట్టి చూశాను. యాభై ఏడే. శ్రీకాకుళంలో ఓ ప్రైవేటు ల్యాబులో పదకొండేళ్ళుగా రక్తాలు తీస్తున్నాను. రక్తంలో ఎర్రకణాలు నూటికి ఎన్ని పాళ్ళో చెప్పే లెక్క పీసీవీ. మా వైపు ఆడవాళ్ళకి ముప్పై దాటితేనే సంబరం. మగవాడికి యాభై ఏడంటే రక్తం చిక్కబడిందని, ఎక్కడో ఒకచోట గడ్డ కట్టొచ్చని. ట్యూబు మీద నా చేత్తో రాసిన పేరు మా తమ్ముడు ధనరాజుది.

పద్నాలుగో ఏట గవదబిళ్ళలు వచ్చి వాడికి మగ హార్మోను తగ్గిపోయింది. ఇరవై ఆరేళ్ళొచ్చినా మీసం లేదు, ఓపిక లేదు. కళింగపట్నంలో వాణ్ణి ఎన్నేసి మాటలన్నారో నాకు తెలుసు. ఒకరిద్దరి చెంపలు నేనే వాయించాను. డాక్టరు మూడు వారాలకోసారి టెస్టోస్టిరాన్ ఇంజెక్షను మొదలుపెట్టాక మీసం వచ్చింది, ఐసు వ్యాను నడిపే సత్తువ వచ్చింది, నిరుడు శైలజతో పెళ్ళి కూడా అయింది. ఇప్పుడా మందే రక్తాన్ని పెంచేస్తోంది. కొన్నాళ్ళు ఇంజెక్షను ఆపాలి, లేదా ఒక సీసా రక్తం తీయించాలి అన్నారు డాక్టరు.

"ఆపితే ఏటవుతాదో నీకు తెల్దా అక్కా? శైలజ ముందర మళ్ళీ పిల్లాడిలాగ నిలబడాల. సచ్చినా ఆపను," అన్నాడు వాడు.

రక్తం తీయిద్దామంటే మా అమ్మ దాలమ్మ అడ్డం పడింది. "మీ నాయిన సంద్రంలో ఏటకెల్లి తెచ్చింది తిని పట్టిన రగతం. పారబోయిత్తానని నీకు నోరెలాగొచ్చిందే?"

రక్తం ఎక్కువవడం కూడా జబ్బేనంటే ఆవిడ బుర్రకెక్కదు. నర్సులు ఆవిడకి జన్మంతా చెప్పింది ఒకటే మాట, నీకు రక్తం లేదమ్మా అని. వాడు అమ్మ మాటే పట్టుకున్నాడు. వాడికీ అదే కావాలి మరి, సూదంటే భయం వెధవకి.

ఇక నాకు మిగిలింది తిండి. ఫోనులో దొరికిందల్లా చదివాను. ఐరన్ రక్తాన్ని ఇంకా పెంచుతుందని కార్జం మాన్పించాను, మునగాకు మాన్పించాను, బెల్లం వేసిన చోడంబలి, అదే రాగంబలి, మాన్పించాను. పంపరపనస మంచిదని ఎవరో రాస్తే సంతలన్నీ తిరిగి మోసుకొచ్చాను. వెల్లుల్లి, చేపనూనె మాత్రలు, రోజుకి నాలుగు లీటర్ల నీళ్ళు. "తిననివ్వండి, కానీ వీటితో దిగుతుందని ఆశ పెట్టుకోకండి," అన్నారు డాక్టరు. పెట్టుకున్నాను. ఇంకేం చెయ్యను?

మూడు నెలల తర్వాత మళ్ళీ తీశాను. అరవై.

ఆ ఆదివారం ఇంటికెళ్తే వంటింటి గూట్లో ఐరన్ మాత్రల ఖాళీ అట్టలు కనిపించాయి. ఆశా కార్యకర్త అమ్మకోసం ఇచ్చేవి. ఇన్నాళ్ళకి మింగుతోందని నిజంగానే సంతోషించాను.

"ఒంట్లో ఎలాగుందే అమ్మా, నీరసం తగ్గిందా?"

"నాకెందుకే ముసల్దాన్ని. ఆడికే పెడతన్నాను, మజ్జిగలో నూరి. నువ్వు ఆడి కడుపు మాడిసీసి సంపుతున్నావు."

అరవాలనుకున్నాను. ఆవిడ కింది రెప్ప లాగి చూశాను, తెల్లగా పాలిపోయి ఉంది. తన మందు తను మానేసి మరీ కొడుకుని చంపుకుంటున్న మనిషిని ఏమని తిట్టను? ధనరాజు గుమ్మంలో నిలబడి అంతా విన్నాడు. "రేపు తీయించేద్దారి అక్కా," అన్నాడు.

మర్నాడు పొద్దున్న ల్యాబులో ఉండగా ఫోను చేశాడు. వ్యాను రోడ్డు పక్కన ఆపేశానన్నాడు. "ఎడం కన్ను కనబడతా లేదు అక్కా. సీకటైపోనాది."

కంటి వెనక రక్తనాళంలో గడ్డ కట్టిందన్నారు ఆస్పత్రిలో. చూపు రావచ్చు, రాకపోనూ వచ్చు. శైలజ గోడకి ఆనుకుని ఏడుస్తోంది. అమ్మ మాత్రం ఏడవలేదు. తిన్నగా నర్సు దగ్గరికెళ్ళి, గాజులు పైకి తోసి, చెయ్యి చాపింది.

"రగతం సాలక కన్ను పోనాది ఆడికి. నాది తియ్యండమ్మా, ఎంత కావాలంటే అంత."

నర్సు నావైపు చూసింది. నేను వెళ్ళి అమ్మ చెయ్యి కిందికి దించి, పట్టుకుని కూర్చున్నాను.