లేబుల్ లేని స్లైడు

నా భార్య చెంప కణాలున్న స్లైడు వార్షిక పరీక్షలయిన మర్నాడు పోయింది. ఆవిడ పోయి అప్పటికి ఏడు నెలలు.

స్లైడును ఎవరూ ఎత్తుకుపోలేదు. ల్యాబ్ అటెండరు దాన్ని కడిగి, తుడిచి, ఖాళీ గాజుపలకల్లో పేర్చేసింది. తప్పు ఆమెది కాదు. ఏడాది చివర లేబుల్ లేని స్లైడులన్నీ కడిగేయాలని బీరువా తలుపుకి ఈ ఏడాదే కాగితం అంటించింది నేనే.

"ఒకదానికి అంచుల్లో ఎర్రగా ఏదో పట్టేసింది మాస్టారూ. బ్లేడుతో గీకితే గానీ వదల్లేదు" అంది గర్వంగా.

"బాగా కడిగావమ్మా" అన్నాను.

ఆ ఎరుపు నా భార్య గోళ్ళరంగు. నాలుగేళ్ళ క్రితం, తొమ్మిదో తరగతికి కణం చూపించాలని ఆవిడని నోరు తెరవమన్నాను.

"మీ చెంపకేమొచ్చింది?"

"నాకు గడ్డం ఉంది కదా."

"లోపల కూడా మొలిచిందా?"

అయినా అగ్గిపుల్ల మొండి కొసతో గీకనిచ్చింది. నీలం రంగు చుక్క వేశాక, లోపలి తడి ఆరకుండా పైన కప్పిన పల్చటి గాజు అంచులు మూయడానికి గోళ్ళరంగు తెచ్చిందీ ఆవిడే. పేరు మాత్రం రాయనివ్వలేదు. "మాస్టారి పెళ్ళాం నోరంటూ పిల్లలు నవ్విపోతారు" అంది.

ఇంటికెళ్ళి పదో తరగతి చదివే మా అమ్మాయికి చెప్పాను.

"పేరు రాయలేదని నా రఫ్ పుస్తకాలు పారేసిందీ ఈ రూలేగా?" అని, నా ముందు కూర్చుని నోరు తెరిచింది. "గీకండి."

"ఇవి నీ కణాలవుతాయి."

"క్రోమోజోముల్లో సగం అమ్మవి. మైటోకాండ్రియా అయితే మొత్తం అమ్మ దగ్గర్నుంచే. అందులో మీ వాటా సున్నా, నాన్నా."

"అవి మన మైక్రోస్కోపుకి కనబడవు."

"కనబడకపోయినా ఉంటాయని నోట్సులో రాయించిందెవరు? కింద గీత కూడా గీయించారు."

ఇంట్లో ఉన్న ఖాళీ స్లైడూ, నీలం రంగూ తెచ్చుకుని అగ్గిపుల్ల తీశాను.

"మెల్లగా! ఈ నోటితో ఇంకా చాలా మాట్లాడాలి నేను."

"తెలుసు. అదీ మీ అమ్మ వాటానే."

గోళ్ళరంగు సీసా వాళ్ళమ్మ సొరుగులోనే ఉంది. మూత బిగుసుకుపోయింది. వేడి నీళ్ళలో పెట్టి తీశాం. అడుగున మిగిలింది నాలుగంచులకీ సరిగ్గా సరిపోయింది.

సోమవారం ల్యాబులో ఇద్దరం చూశాం. పరిచిన బండల్లా పల్చటి కణాలు, ఒక్కోదాని మధ్య ఒక్కో నీలి చుక్క. కేంద్రకం. అటెండరు గుడ్డ పట్టుకుని వెనక నిలబడింది. అప్పటికే మా అమ్మాయి ఆమెకి అంతా చెప్పేసినట్టుంది.

"దీనికి లేబులేసేయండి మాస్టారూ. మళ్ళీ నా చేతులు ఊరుకోవు."

"అమ్మ పేరు రాస్తారో, నాది రాస్తారో చూస్తా" అంది మా అమ్మాయి.

కాగితం కొలిచి కత్తిరించి, స్లైడు చివర అంటించాను. దాని మీద ఇంకా ఏమీ రాయలేదు.