ఆయన జుట్టు పాయ

"పాయ పల్చగా ఉన్నా ఫర్వాలేదు గానీ, ముడి మాత్రం గట్టిగా వెయ్యి," అంటుంది అత్తగారు పొయ్యి దగ్గర నుంచి. గిన్నెలు తోమడం అయ్యాక వంటింటి బల్ల దగ్గర కత్తెర, నీలం దారం పెట్టుకుని కూర్చున్నాను. రోజూ ఉండే పనే. ఒక్కో పాయని దారంతో కట్టి, కవరులో పెట్టి, పైన ఒహాయో అనో టెక్సస్ అనో రాస్తాను. అమెరికాలో ఆ చోట్ల ఆడపిల్లలు మా ఆయన రోలాండ్ కోసం ఏడుస్తున్నారట. పాటల బృందంలో డ్రమ్ములు వాయిస్తూ ఆయన ఒక్కసారి తల విదిలిస్తే కళ్లు తిరిగి పడిపోతున్నారట. వాళ్లకి ఆయన జుట్టు కావాలి.

మొదటి ఉత్తరాల సంచి వచ్చిన రోజు నేనే నవ్వుతూ కత్తెర పట్టుకుని రోలాండ్ వెనక్కి వెళ్లాను. ఆయన రెండు చేతులతో తల పట్టుకుని లేచిపోయాడు. "పిచ్చా నీకు? ఈ జుట్టు కోసమేగా వాళ్లు టిక్కెట్లు కొనేది! నీదీ ఇదే రంగు కదే. ఎలాగూ తలకి గుడ్డ కట్టుకుని తిరుగుతావు, ఎవడు చూడొచ్చాడు?" అన్నాడు. నిజమే. ఇక్కడ ఇంగ్లండులో, మా సాల్ఫర్డ్ వీధిలో రొట్టెల కొట్టుకి వెళ్లాలన్నా ఆడవాళ్లం గుడ్డ కట్టుకునే వెళ్తాం. ముందు మెడ దగ్గర కత్తిరించాను, తరవాత చెవుల వెనక. ఇప్పుడు గుడ్డ నిలవడం లేదు, జారిపోతోంది.

పెళ్లి సంగతి దాచమన్నది ఆయన మేనేజరు లెనర్డ్. "పెళ్లయినవాడి కోసం ఏ పిల్లా ఏడవదమ్మా," అన్నాడు, నా చేతి టీ తాగుతూనే. ఆ సాయంత్రమే రోలాండ్ నా వేలికి సబ్బు నురగ రాసి ఉంగరం లాగాడు. చర్చిలో తొడిగినప్పుడు కూడా నా చెయ్యి అంత జాగ్రత్తగా పట్టుకోలేదు. అమెరికా నుంచి రాగానే అందరికీ చెప్పేస్తానన్నాడు. వచ్చాడు. మళ్లీ రమ్మన్నారు, అదీ అయ్యాక చెబుతానన్నాడు. ఈలోగా నాకు నెల తప్పింది. "కడుపు కనపడకముందే చెప్పు," అని నిన్న బతిమాలాను. రేపు చికాగో పత్రిక ఆవిడ వస్తోందిగా, చూద్దాంలే అన్నాడు. ఆ ఒక్క మాట పట్టుకుని రాత్రి నిద్రపోయాను.

ఆ పత్రికావిడ, మిస్ వాన్స్, వచ్చింది. అత్తగారు ముందుగదిలోకి మంచి కప్పులు తీయించింది. నేను టీ పోస్తుంటే ఆవిడ అడిగింది, "ఈ అమ్మాయి?"

నేను రోలాండ్ వైపు చూశాను.

"వెనకింటి పిల్ల, ఎనిడ్. ఉత్తరాల పని చూస్తుంది," అన్నాడు, బిస్కెట్ టీలో ముంచుతూ.

"బంగారం లాంటి పిల్లమ్మా," అందుకుంది అత్తగారు. "జీతమన్న మాటే ఎత్తదు!"

ముగ్గురూ నవ్వారు. పోటీలో గెలిచిన అమ్మాయికి బహుమతిగా ఆయన జుట్టు పాయ ఇస్తామని పత్రికలో వేశామంది మిస్ వాన్స్. రోలాండ్ చెయ్యి తల మీదికి వెళ్లింది. "లోపల కట్టినవున్నాయిగా ఎనిడ్, ఒకటి పట్రా," అంది అత్తగారు.

బల్ల మీద వరసగా ఉన్నాయి. ఒకటి తేవడం ఎంత పని? కానీ నేను కత్తెరా దారమే తీసుకున్నాను. ముందుగదికి వచ్చి, మిస్ వాన్స్ ఎదురుగా నిలబడి, తల గుడ్డ విప్పాను. నుదుటి మీద కాస్త పొడుగ్గా మిగిలినది పట్టుకుని కత్తిరించాను.

"ఎనిడ్!" అన్నాడు రోలాండ్.

దారం చుట్టి, ముడి వేసి, ఆవిడ సాసరులో పెట్టాను. ఆవిడ చూసింది. గొర్రెని గొరిగినట్టున్న నా మెడ చూసింది. వేలి మీద ఉంగరం విడిచిన తెల్లటి గీత చూసింది. పొట్ట మీద ఉన్న నా చెయ్యి చూసింది. ఆడమనిషి, అర్థమైంది అనుకున్నాను. ఎంత చెడుగా రాసినా సరే, నా బిడ్డకి తండ్రెవరో అచ్చులో ఉంటుందనుకున్నాను.

ఆవిడ లేచింది. పాయని రెండు వేళ్లతో ఎత్తి, రోలాండ్ చెవి పక్కన పెట్టి, రంగు కలుస్తోందో లేదో తల వంచి చూసుకుంది. కవరులో వేసింది. అంచు తడిపి అంటించింది. పైన రోలాండ్ పేరు రాసి, చేతి తొడుగులు తొడుక్కుని గుమ్మం దాటి వెళ్లిపోయింది.