లోకో షెడ్డు పేరు

బిలాస్‌పూర్ రైల్వే ఇన్‌స్టిట్యూట్‌లో బాస్కెట్‌బాల్ పోటీలకు పది రోజుల ముందు, ఫైనల్‌కి ఏ రెండు జట్లు వస్తాయో బ్లాక్‌బోర్డు మీద రాసేవాణ్ణి నేనే. ఆరేళ్లలో ఒక్కసారీ తప్పలేదు. "తిరుమలరావు నాలుక మీద మచ్చ ఉంది" అనేవాళ్లు. నేను మీసం దువ్వుకునేవాణ్ణి.

నిజానికి ఆట గురించి నాకు తెలిసింది తక్కువ. ఏ ఇంజను మీదికి ఎవరు డ్యూటీకి వెళ్లాలో రాసే గుమాస్తాను. ఆటగాళ్లలో సగం మంది ఇంజన్లలో బొగ్గు వేసే ఫైర్‌మన్లే. పోటీల నాటికి ఎవరు ఊళ్లో ఉంటారో నాకు ముందే తెలిసేది. అంతటితో ఆగినా బాగుండేది.

ఎనభై నాలుగులో క్యారేజి, అకౌంట్స్ డిపార్టుమెంట్ల జట్లు అని రాశాను. లోకో షెడ్డు జట్టును లెక్కలోకే తీసుకోలేదు. గిరిబాబు అనే కుర్ర ఫైర్‌మన్ ఒక్కడే ఆ జట్టును సెమీఫైనల్ దాకా లాక్కొచ్చాడు. జనం నన్ను చూసి నవ్వారు. నాకు ఒళ్లు మండింది. సెమీఫైనల్ రోజున వాడికి రెస్టు. అయినా కట్నీ వెళ్లే గూడ్సుకి వాడి పేరు రాసి కబురు పంపాను.

లోకో ఓడింది. నా మాట నెగ్గింది. గిరిబాబు దారిలో, ఇంజను వెనక బొగ్గు ఉండే టెండరు మీద బొగ్గు లాగుతూ జారిపడి చనిపోయాడు.

మళ్లీ బోర్డు ముట్టుకోలేదు. అయినా ఏటా పోటీలు దగ్గర పడేసరికి, పిట్ట కూడా తిరగని మిట్టమధ్యాహ్నం, కోర్టులో బంతి కొడుతున్న చప్పుడు వినిపిస్తుంది. పరుగెత్తి వెళ్లి చూస్తే ఎవరూ ఉండరు. మా ఆవిడ శాంతాదేవి తాయెత్తు కట్టించింది. తాయెత్తుకు లొంగే చప్పుడా అది! చేసిన పాపం ఊరుకుంటుందా?

అయిదేళ్ల తర్వాత, ఈ ఏడు, గిరిబాబు తల్లి అసిరమ్మ మా క్వార్టర్‌కి వచ్చింది. ఆమె చిన్నకొడుకు బంగార్రాజు, అన్న పోయినందుకు ఇచ్చిన ఫైర్‌మన్ ఉద్యోగంలో చేరాడు. లోకో జట్టులో ఆడుతున్నాడు కూడా.

"బాబూ, ఈపాలి బోర్డు మీద లోకో పేరు రాయండి" అంది.

"నేను మానేశానమ్మా."

"ఆ దినం మా పెద్దోడు డూటీకి ఎల్తా ఏటన్నాడో తెలుసా? 'గుమాస్తా బాబు మాట నెగ్గాల గదే అమ్మా, అందుకే నా పేరు రాసీసినాడు' అని నవ్వినాడు."

ఈమెకు మొదటి నుంచీ తెలుసు. ఇన్నేళ్లూ బజారులో ఎదురైనప్పుడల్లా నన్ను పలకరిస్తూనే ఉంది. ఏడుస్తూ ఆమె కాళ్ల మీద పడబోయాను. వెనక్కి జరిగింది.

"ఏడుపులొద్దు బాబూ. మీ మాట నెగ్గించుకోడానికి మీరు ఏటైనా సేస్తారు గదా? లోకో గెలుస్తాదని రాసీయండి. ఆ పది దినాలైనా నా సిన్నోడు ఇంజనెక్కడు. నాను కంటినిండా నిద్దరోతాను."