మా దొక్సు మెయిళ్లు

దక్షిణ తీరంలోని ఒక షిప్‌యార్డ్‌కు బయటి నుంచి వచ్చే మెయిళ్లలో అనుమానం ఉన్నవాటిని యంత్రం ఒక పక్కకు తోసేది. కంప్యూటర్ విభాగంలోని గూ సొల్హీ వాటిని తెరిచి చూసి, వదలాలో ఆపాలో తేల్చి, ప్రతి సోమవారం పైవాళ్లకు నివేదిక పంపాలి. దొంగ లింకులనూ దొంగ బిల్లులనూ ఇట్టే పసిగడుతుందని ఆఫీసులో ఆమెకు మంచి పేరు.

వసంతంలో ఒక మెయిల్ ఆగింది. దాని నిండా పెద్ద పెద్ద ఫొటోలు. రాసినవాడు దొక్సు, ఇంటిపేరు మా; సబ్‌కాంట్రాక్టు వెల్డర్. మూడో డాక్ క్రేన్ కాలి దగ్గర అతుకు పగిలిందట. పగులు ఎంత పొడవుందో తెలియడానికి పక్కన క్యాంటీన్ చెంచా పెట్టి ఫొటో తీశాడు. మేస్త్రీకి చెబితే నోరు మూసుకోమన్నాడట.

వైరస్ ఏమీ లేదు. అయినా ఫొటోల ఫైళ్లు మరీ పెద్దవి కదా అని, ప్రమాదాల నివారణ విభాగం డైరెక్టర్ ఛేకు ఫోన్ చేసింది.

"మీ పేరున ఒక మెయిల్ ఆగిందండీ. వెల్డర్ పంపాడు, క్రేన్ ఫొటోలు. వదలమంటారా?"

"ఏమ్మా సొల్హీ, చెత్తంతా నా నెత్తిన పోస్తావా? ఓడ అప్పగించే టైములో తనిఖీలంటే పని ఆగిపోదూ? వాడి మెయిళ్లు నాకు రాకుండా అడ్రసు మూసెయ్."

"ఆ మాటే ఒక్క లైను రాసి పంపితే..."

"నాకే రాతకోతలు చెప్తున్నావా? మీ నాన్న వయసువాణ్ణి. మూసెయ్ అన్నానా? మూసెయ్."

సొల్హీ మూసేసింది.

మా దొక్సుకు ఆ సంగతి తెలియదు. రాస్తూనే ఉన్నాడు. 'మళ్లీ ఇబ్బంది పెడుతున్నందుకు మన్నించాలి' అని మొదలుపెట్టేవాడు ప్రతిసారీ. ఫొటోల్లో చెంచా అదే, పగులు మాత్రం దాన్ని దాటిపోయింది. అడ్రసు మూసినా అవి వచ్చి సొల్హీ దగ్గరే ఆగేవి, ఆమె అన్నీ చదివింది. నివేదికలో వాటిని 'బెడద మెయిళ్లు' అన్న వరుసలో వేసింది. ఒకసారి క్యాంటీన్‌లో ఉండబట్టలేక కదిపింది.

"ఆ వెల్డర్ ఇంకా రాస్తున్నాడండీ. పగులు పెరిగినట్టుంది."

"చేతి దురద. రాసుకోనీ," అని ఛే కిమ్చీ పచ్చడి గిన్నె తన వైపు లాక్కున్నాడు.

తుపాను ముందు గాలికి క్రేన్ ఒరిగింది. కింద మా దొక్సు ఉన్నాడు.

టీవీలో ఛే తల వంచి, తమకు ఏ హెచ్చరికా అందలేదన్నాడు. అందకుండా ఆపిన చెయ్యి తనది కాబట్టి, అది అబద్ధమని సొల్హీ అనలేకపోయింది. మర్నాడు ఛే ఆమెను గదిలోకి పిలిచి, తలుపు వేసి, తన చేత్తో బార్లీ టీ పోశాడు.

"యంత్రమే ఆపిందని చెప్పు. నీకూ నాకూ గొడవ ఉండదు."

సొల్హీ టీ ముట్టుకోలేదు. కార్మిక శాఖ అధికారులకు జరిగింది జరిగినట్టు చెప్పింది. వాళ్లు యంత్రంలో వెతికితే, అడ్రసు మూసినచోట ఆమె పేరే కనిపించింది. ఆ అమ్మాయి తనకు ఫోనే చెయ్యలేదన్నాడు ఛే. ఫోన్‌లో అన్న మాటకు సాక్ష్యం ఎక్కడిది? హెచ్చరికను తొక్కిపెట్టిన ఉద్యోగిని అని పత్రికలు రాశాయి. కంపెనీ ఆమెను తీసేసింది. ఛే కుర్చీ కదల్లేదు.

క్షమాపణ చెప్పేదాకా అంత్యక్రియలు చెయ్యనని మా దొక్సు భార్య గేటు ముందు గుడారం వేసుకుని కూర్చుంది. సామాను పెట్టెతో బయటికొచ్చిన సొల్హీ చెప్పులు విడిచి గుడారం లోపలికి వెళ్లింది. అగరుబత్తి వెలిగించి, మా దొక్సు ఫొటో ముందు, పోయినవాళ్లకు చేసే పద్ధతిలో రెండుసార్లు సాగిలపడింది. తనెవరో చెప్పింది.

దొక్సు భార్య ఫొటోను సరిచేసి పెట్టింది.

"ఇంటికి రాగానే ఫోన్ తెరిచి, జవాబొచ్చిందా అని చూసుకునేవాడు. పెద్దవాళ్లకి చదివే తీరికెక్కడిదే అనేవాడు."

"నేను చదివానండీ."

"అన్నీనా?"

"అన్నీ."

"చదివి?"

దొక్సు భార్య బయట నిలబడ్డవాళ్ల వైపు తిరిగింది.

"ఎవరైనా ఈవిడకి చెప్పులందివ్వండి."