అలాంజో మిషను తీర్పు

అమెరికాలో మా మెంఫిస్ ఊరి నల్లవాళ్ల పేటలో ర్యాప్ పాట బాగుందో లేదో తేల్చేది పత్రికలు కావు, బార్బర్ అలాంజో. షాపు ముందు కారు ఆపి, డిక్కీ తెరిచి, అందులోని పెద్ద స్పీకర్లు మోగేలా క్యాసెట్ పెడతారు. పాట బాగుంటే కుర్చీలో మనిషి తల ఊగుతుంది. తల ఊగితే అలాంజో జుట్టు కత్తిరించే మిషను పైకెత్తక తప్పదు. అదే తీర్పు.

ఆ శనివారం కుర్చీలో ఉన్న తల నాదే. నా భార్య పోయినప్పటినుంచి ఫ్యాను పక్క కుర్చీని అలాంజో నాకోసం అట్టిపెడుతున్నాడు.

ఒకప్పుడు బళ్లో నా దగ్గర చదువుకున్న డార్నీటా కారు ఆపింది. పక్కసీట్లోంచి ట్రెంట్ అనే తెల్లకుర్రాడు దిగాడు. పాట డార్నీటాది. క్యాసెట్ కంపెనీవాళ్లు మాత్రం దాని ముందు ట్రెంట్ చేత ఒక చరణం పాడించారు. క్యాసెట్ అట్ట మీద బొమ్మ కూడా అతనిదే. తెల్లమొహం ఉంటేనే పెద్ద రేడియో స్టేషన్లు పాట వేస్తాయట. ఒప్పుకుంటుందో లేదో ఆమె సాయంత్రంలోగా చెప్పాలి.

"ఏం తమ్ముడూ, పాట ఆమెది, మొహం నీదా?" అన్నాడు అలాంజో.

"నేనడగలేదండీ, వాళ్లే పెట్టారు."

"మొహం బాగానే ఉందిలే. సబ్బులు అమ్ముకోవచ్చు."

షాపంతా నవ్వింది. ట్రెంట్ చెవులు ఎర్రబడ్డాయి, అయినా అతనూ నవ్వాడు.

క్యాసెట్ మొదలైంది. ట్రెంట్ చరణం సాగినంతసేపూ మిషను నా మెడ మీద నున్నగా నడిచింది. డార్నీటా గొంతు వినపడగానే తల నా మాట వినలేదు.

"సార్, కదలకండి! చెవి తెగితే నా పూచీ లేదు," అంటూ అలాంజో మిషను ఎత్తేశాడు. పక్క కుర్చీల దగ్గరా మిషన్లు గాల్లోనే ఉన్నాయి.

"నా చరణానికి ఒక్కరూ ఆపలేదు," అన్నాడు ట్రెంట్.

"నీ పుణ్యమా అని పని తెమిలింది బాబూ," అన్నాడు అలాంజో.

డార్నీటా నవ్వలేదు. "వద్దంటే పాట ఈ వీధి దాటదు సార్. సరేనంటే ఊరూరా తిరుగుతుంది, నేను తప్ప."

"నేను చెప్తే ఎప్పుడైనా విన్నావా?" అన్నాను.

ఆమె షాపు ఫోను తీసి కంపెనీకి చెప్పింది: "ముందు నా గొంతు, అట్ట మీద నా బొమ్మ. కుదరదంటే డిక్కీలో పెట్టుకుని నేనే అమ్ముకుంటా." అవతలివాళ్లు ఠక్కున ఫోను పెట్టేశారు.

ట్రెంట్ మెల్లగా అడిగాడు. "నాకూ డిక్కీలో చోటుంటుందా?"

"వెనకాల ఉంటుంది. చరణం తిరగరాసుకుని రా," అంది డార్నీటా.

బయట బెంచీ మీద ఇంకా జనం ఉన్నారు. అలాంజో మాత్రం నా క్షవరం ముగించి, నన్ను లేపి, ఫ్యాను పక్క కుర్చీ దులిపి, ట్రెంట్‌ను రమ్మన్నాడు.

"తెల్లవాళ్ల జుట్టు నేనెప్పుడూ కత్తిరించలేదు. పాడైనా భయం లేదులే, నీ బొమ్మ అట్ట మీద పడదుగా!"