హుక్కు కింద మనిషి

క్రేన్ ఎక్కే ముందు మా సైట్‌లో ఒక పుస్తకంలో సంతకం పెట్టాలి. నిద్ర సరిపోయిందా, మనసు ఎలా ఉంది, పని చేయగలవా అని అందులో మూడు ప్రశ్నలు. పిల్లనిచ్చేటప్పుడు మా మామగారు కూడా నన్ను ఇన్ని అడగలేదు. చదవకుండానే మూడింటికీ టిక్కులు పెట్టి, సంతకం గీకి, నిచ్చెన పట్టుకునేవాణ్ణి. ఒక సోమవారం విసుగొచ్చి వారం మొత్తానికీ ఒకేసారి టిక్కులు పెట్టేశాను. సైట్ ఇంజనీరు పట్టుకున్నాడు.

"గురువారం నీ మనసు బాగుంటుందని సోమవారమే ఎలా తెలిసిందయ్యా?" అన్నాడు.

"నా మనసు మీ సిమెంటు లాంటిది సార్. ఒకసారి గట్టిపడ్డాక ఇక మారదు" అన్నాను. చుట్టూ ఉన్నవాళ్లు నవ్వారు. అందరికంటే గట్టిగా నేనే నవ్వాను.

నిజానికి అప్పటికే చాలా రోజులుగా నేను బాగాలేను. ఏం బాగాలేదో చెప్పమంటే చెప్పలేను, అదే నా ఏడుపు. ఇంట్లో ఎవరూ పోలేదు, ఒంట్లో రోగం లేదు, మా ఆవిడ బంగారం. ఏ కారణమూ లేకుండా కుమిలిపోతున్న మగాణ్ణి ఎవరికి చూపించుకోను? గడ్డం గీసుకుంటూ సగంలో ఆగిపోయేవాణ్ణి. చెప్పులు వేసుకుని, ఎందుకు వేసుకున్నానో తెలియక గుమ్మంలో పది నిమిషాలు నిలబడేవాణ్ణి. "ఏమైందండీ?" అని మా ఆవిడ అడిగితే కసురుకునేవాణ్ణి. తర్వాత తేలు కుట్టిన దొంగలా లోపల్లోపలే నలిగేవాణ్ణి.

నేను పనిచేసేది నేల నుంచి డెబ్బై మీటర్ల ఎత్తున, ఒక అద్దాల గదిలో. కుడి చేతి లివరు బరువును లేపడానికీ దించడానికీ, ఎడమ చేతిది తిప్పడానికీ. కింద ఏముందో నాకు సగం కనబడదు. ఆ సగానికీ మా బావమరిదే నా కళ్లు. పద్దెనిమిదో అంతస్తు స్లాబు మీద వాకీటాకీ పట్టుకుని నిలబడి, ఎటు తిప్పాలో ఎంత దించాలో చెబుతాడు. ఆరడుగుల పైన ఉన్న మనిషికి, ఇద్దరు పిల్లల తండ్రికి, ఇంట్లో ముద్దు పేరు పొట్టోడు. వాణ్ణి ఈ పనిలో పెట్టించింది నేనే. "మా తమ్ముణ్ణి మీ చేతిలో పెడుతున్నానండీ" అని ఆ రోజు మా ఆవిడ మాటవరసకు అంది. ఆ మాట ఇప్పుడు తలుచుకుంటే నాకు చెమటలు పడుతున్నాయి.

ఒక మంగళవారం ఆ సంగతి జరిగింది. కింద లారీ దగ్గర ఇనుప ఊచల కట్టను హుక్కుకు తగిలించడం గుర్తుంది. ఆ తర్వాత నాకు గుర్తున్నది చెవిలో పడ్డ అరుపు. "ఆపు! బావా, ఆపు! ఆపు!" మధ్యలో ఏమీ లేదు. కట్టను అంత ఎత్తుకు లేపింది నేనే, తిప్పింది నేనే, అందులో ఒక్క క్షణం కూడా గుర్తు లేదు. కట్ట కొస పొట్టోడి ఛాతీకి మూరెడు దూరంలో ఊగుతోంది.

"గాలి కొట్టింది, ఏం కాలేదు" అని వాడే అందరికీ చెప్పాడు. నా ముందున్న గాలి మీటరు ముల్లు కదలనే లేదు. "అవును, గాలి" అన్నాను నేను. సిగ్గులేని నోరు, ఇట్టే అనేసింది.

బుధవారం మళ్లీ టిక్కులు పెట్టాను. నిజం రాస్తే లైసెన్సు తీసుకుంటారు. ఇరవై రెండేళ్లుగా నాకు తెలిసిన పని ఇదొక్కటే. పైన పటారం లోన లొటారం అని బయటపడ్డవాణ్ణి మళ్లీ ఎవరు ఎక్కనిస్తారు?

గురువారం భోజనాలయ్యాక మొదటి లోడు. అవే ఊచలు. స్లాబు ఎత్తు దాటించాక పొట్టోడు "నెమ్మదిగా ఎడమకు" అన్నాడు. నా ఎడమ చెయ్యి లివరు మీదే ఉంది, కానీ కదలలేదు. ఎదుటి అద్దంలో నా ముఖం కనబడింది. పళ్లు బిగించి ఉన్నాయి. ఎప్పుడు బిగించానో ఏమో, దవడలు లాగేస్తున్నాయి. ఊపిరి కూడా సరిగ్గా తీసుకోవడం లేదు. పుస్తకంలోని ఆ ప్రశ్న మొదటిసారి నన్ను నేను నిజంగా అడుక్కున్నాను. ఎలా ఉన్నావురా?

భయంగా ఉంది. ఇన్నాళ్లూ దాన్ని కోపం అనుకున్నాను, అలసట అనుకున్నాను, వయసు అనుకున్నాను. నాకు నా మీదే భయంగా ఉంది. ఇంకో నిమిషంలో మళ్లీ మతి తప్పుతుందని, మళ్లీ తెలివొచ్చేసరికి పొట్టోడు ఉండడని.

రెండు చేతులూ తీసేశాను. లివర్లు వదిలితే క్రేన్ ఎక్కడిదక్కడ ఆగిపోతుంది.

"బావా, ఎడమకు."

"నా వల్ల కావట్లేదురా" అన్నాను. సైటంతా వినే ఛానెల్ అది. "నేను బాగాలేను. మొన్న గాలి కాదు, నేనే. నువ్వు అక్కణ్ణుంచి పో. అందర్నీ తీసుకుని పో."

స్లాబు మీద హెల్మెట్లు ఒక్కొక్కటే మెట్ల వైపు కదిలాయి. తర్వాత వాడి గొంతు వినిపించింది.

"అందరూ తప్పుకున్నారు. కింద కూడా ఖాళీ చేశారు. కానీ కట్టను నువ్వే దించాలి బావా, ఇంకెవరూ దించలేరు. నేను చెప్తా, నువ్వు చెయ్యి. ఒక్క మీటరు. ఆపు. ఊపిరి తీసుకో. ఇంకో మీటరు."

అలా అరవై మీటర్లు దించాను. ఏడుస్తూనే దించాను. జవాబు చెప్పినప్పుడల్లా నా ఏడుపు అందరూ విన్నారు.

నిచ్చెన దిగేసరికి ఇంజనీరు చెయ్యి చాపి ఉన్నాడు. లైసెన్సు కార్డు ఇచ్చేశాను. "డాక్టరు రాసిచ్చేదాకా రాకు" అన్నాడు. తిట్టలేదు. తిట్టినా బాగుండేది.

పొట్టోడు హెల్మెట్ చేత్తో పట్టుకుని వచ్చాడు. నాలుగు తగిలిస్తాడనుకున్నాను.

"తప్పైపోయిందిరా, నీకు ముందే చెప్పాల్సింది" అన్నాను.

"నాకు తెలుసు బావా."

"ఏం తెలుసు?"

"నువ్వు బాగాలేవని. నెల రోజుల నుంచి చూస్తున్నా. అక్క కూడా చెప్పింది."

నాకు కోపం తన్నుకొచ్చింది. వాడి చొక్కా పట్టుకున్నాను. "తెలిసి తెలిసి రోజూ ఆ హుక్కు కింద ఎలా నిలబడ్డావురా? చస్తే?"

వాడు నా చెయ్యి విడిపించుకోలేదు.

"నేను తప్పుకుంటే ఇంకొకణ్ణి పెడతారు. వాడు మొదటిరోజే పైవాళ్లకు చెప్పేస్తాడు" అన్నాడు. "కింద నేనుంటే నువ్వు జాగ్రత్తగా ఉంటావనుకున్నా."

మంగళవారం నాకు గుర్తులేని ఆ నిమిషమంతా వాడు కళ్లారా చూశాడు. చూసి, బుధవారం వచ్చి మళ్లీ అక్కడే నిలబడ్డాడు.