అవిన్యాన్‌లో దిగని మనిషి

ఆదివారం అమెరికాలో, చాండ్లర్‌లోని మా ఇంట్లో, తలా ఒకటి వండి తెచ్చుకున్న పాట్‌లక్ భోజనాలయ్యాక, టీవీకి ల్యాప్‌టాప్ తగిలించి ఫ్రాన్స్ క్రూజ్ ఫొటోలు పెట్టాం. పెళ్ళయిన పాతికేళ్ళకు వెళ్ళిన ప్రయాణం అది. రోన్ నది మీద లియాన్ నుంచి ఆర్ల్ దాకా ఏడు రోజులు. అందులో ఐదు రోజులు మా ఆయన అమర్‌నాథ్ పడవలోని గది వదిలి కదల్లేదు. ఆఫీస్‌లో ఏదో మెషీన్ ఆగిందని ఒకటే కాల్స్. ఒడ్డున ఊళ్ళన్నీ నేనొక్కదాన్నే తిరిగాను. ఆ మాట ఎవరితోనూ అనలేదు.

ఆయన కొలీగ్ భార్య శశికళ భోజనాల దగ్గరే అడిగింది. "వదినా, వచ్చే ఏడు రైన్ నది క్రూజ్ బుక్ చేస్తున్నాం. మీ ఇద్దరికీ చేసేయనా? రేపటితో ఆఫర్ అయిపోతుంది."

ఫొటోలయ్యాక చెబుతానన్నాను. వద్దనే చెప్పాలనుకున్నాను.

తెర మీద అవిన్యాన్ ఊరి పాత వంతెన వచ్చింది.

"అన్నయ్యా, ఒక్క దాంట్లోనూ మీరు లేరే!" అంది శశికళ.

"తీసేవాడు కనిపిస్తాడా అమ్మా?" అని నవ్వి, ఆయన కథ అందుకున్నారు. "ఈ వంతెన నది మధ్యలోనే ఆగిపోతుంది. చివర నిలబడితే, మిగతాది మనమే కట్టాలేమో అనిపిస్తుంది. ఆ పక్కనే ఎండిన లావెండర్ పూలు నింపిన చిన్న సంచులు అమ్ముతారు. కుట్టు వంకరగా ఉందని మీ వదిన మూడు తిప్పి ఇచ్చేసింది."

అందరూ నవ్వారు. నాకు మాత్రం నవ్వు రాలేదు. అవి నా వాక్యాలు. ఆ సాయంత్రం డెక్ మీద కూర్చుని నోట్‌బుక్‌లో రాసుకున్నవి.

"నా నోట్‌బుక్ చదివారా?"

ఆయన రిమోట్ పక్కన పెట్టారు.

"రోజూ చదివాను. నువ్వు డిన్నర్‌కి చీర కట్టుకునేటప్పుడు." తర్వాత శశికళ వైపు తిరిగారు. "నేనక్కడ దిగలేదమ్మా. ఇవన్నీ మీ వదిన చూసినవి. చదువుతుంటే నేనూ వెళ్ళినట్టే ఉండేది."

"నాకలా లేదు," అన్నాను. "వంతెన చివర పక్కకి తిరిగి ఏదో చెప్పబోయాను. ఎవరూ లేరు."

ఆయన తల వంచుకున్నారు. ఆ మాట నోట్‌బుక్‌లో లేదు.

శశికళ మెల్లగా అడిగింది. "మరి రైన్ సంగతి, వదినా?"

ఆయన నా వైపే చూస్తున్నారు.

"ఇద్దరికీ బుక్ చేయి," అన్నాను. "ఈసారి ఈయన ప్రతి ఊళ్ళోనూ దిగాలి, సాయంత్రం రాసి నాకివ్వాలి. వంకరగా ఉంటే తిప్పి ఇచ్చేస్తాను."